పొట్టేళ్లకు సైలేజీ: మొక్కజొన్నా, అలసందా, రెండూనా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు చుట్టూ హోసకోట, చింతామణి, దేవనహళ్లి, ఆనేకల్ వైపు షెడ్లలో పొట్టేళ్లను కట్టి మేపే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్యే పెరిగినవాళ్లు. కొందరు వారమంతా వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసి శనివారం షెడ్డుకు వచ్చేవాళ్లు. ఊరి చుట్టూ ఉన్న బీళ్లు లేఅవుట్లయిపోయాయి కాబట్టి మేత కోసి దాచుకోవాలి, లేదంటే బస్తాల్లో కొనుక్కోవాలి. పచ్చిమేతను ముక్క చేసి, గాలి లేకుండా నొక్కి మాగబెట్టి దాచుకునేదే సైలేజీ. దాని గురించి ఈ రెండు రకాల వాళ్లూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే.

ధాన్యపు జాతి సైలేజీకి, పప్పుజాతి సైలేజీకి గొర్రె ఒంట్లో తేడా ఎక్కడ వస్తుంది?

పెద్ద పొట్టలో, అంటే నెమరువేసే జీవి తిన్న మేత ముందుగా చేరి పులిసే అరలో వస్తుంది. మొక్కజొన్న, జొన్న, సజ్జ లాంటివి కంకితో సహా కోసి మాగబెడితే గింజలోని పిండి, కాండంలోని పీచు రెండూ దొరుకుతాయి. పిండి పొట్టలో పులిసినప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది. కాలేయం దాన్ని గ్లూకోజుగా మార్చుకుంటుంది. కండ పెరగడానికి, కొవ్వు పట్టడానికి కావలసిన శక్తిలో మంచి వాటా అక్కడి నుంచే వస్తుంది. అయితే మొక్కజొన్న సైలేజీలో మాంసకృత్తులు పొడి పదార్థం (మేతలో నీళ్లు పోగా మిగిలేది) లెక్కన 7 నుంచి 9 శాతమే. పెరిగే పిల్లకు 14 నుంచి 16 శాతం కావాలి.

అలసంద, లూసర్న్, దశరథ గడ్డి, స్టైలో లాంటి పప్పుజాతి మేతల్లో మాంసకృత్తులు 15 నుంచి 20 శాతం దాకా ఉంటాయి, కాల్షియం కూడా బాగా ఉంటుంది. వీటి ఆకు పొట్టలో త్వరగా విరిగి ముందుకు జరిగిపోతుంది. పొట్ట ఖాళీ అయితే గొర్రె ఇంకాస్త తింటుంది. వేల్స్‌లోని ఆబరిస్ట్‌విత్‌లో జరిగిన పరీక్షల్లో లూసర్న్, ఎర్ర క్లోవర్ సైలేజీలు తిన్న పిల్లలు రై గడ్డి సైలేజీ తిన్నవాటికంటే ఎక్కువ తిన్నాయి, వేగంగా పెరిగాయి. ఎర్ర క్లోవర్ మన ఎండలకు పనికొచ్చే పంట కాదు. అయినా పప్పుజాతి మేత పొట్టలో పనిచేసే తీరు ఇక్కడైనా అక్కడైనా ఒకటే.

అలాంటప్పుడు పప్పుజాతి సైలేజీ ఒక్కటే వేస్తే సరిపోదా?

సరిపోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పప్పుజాతి మేత మాగేటప్పుడే దానిలోని మాంసకృత్తుల్లో సగానికి పైగా చిన్న చిన్న ముక్కలుగా విరిగిపోతాయి. లూసర్న్‌లో ఇది మరీ ఎక్కువ. గొర్రె తిన్నాక ఆ ముక్కలు పెద్ద పొట్టలో గబగబా అమ్మోనియాగా మారతాయి. ఆ అమ్మోనియాను పట్టుకుని తమ ఒంటి మాంసకృత్తుగా మార్చుకునేది పొట్టలోని సూక్ష్మజీవులు. ఆ సూక్ష్మజీవులే తర్వాత కిందికి జారి, జీర్ణమై గొర్రెకు కండగా మారతాయి. ఈ పనికి వాటికి అదే గంటలో శక్తి కావాలి, అంటే పిండి కావాలి. పిండి అందకపోతే అమ్మోనియా రక్తంలోకి వెళ్లి, కాలేయంలో యూరియాగా మారి, మూత్రంలో పోతుంది. యూరియాగా మార్చడానికి కూడా గొర్రే తన శక్తిని ఖర్చు పెట్టుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న మాంసకృత్తు షెడ్డు నేలకు పరిచిన పలకల సందుల్లోంచి కింద గుంటలో పడుతుందన్నమాట.

దీన్ని ల్యాబుకు వెళ్లకుండానే పసిగట్టొచ్చు. పొద్దున్నే షెడ్డు తెర ఎత్తి పొట్టేళ్ల తల ఎత్తున వంగి నిలబడండి. రోజూ ఊడ్చే షెడ్డులో కూడా కళ్లు మండేంత ఘాటు వస్తోందంటే మేతలో మాంసకృత్తులు, పిండి జోడీ కుదరలేదేమోనని చూడాలి. అలాంటప్పుడు వేరుశనగ చెక్క పెంచడం వృథా. మొక్కజొన్న సైలేజీయో, నలిపిన మొక్కజొన్న గింజో కాస్త పెంచితే ఘాటూ తగ్గుతుంది, పెరుగుదలా కనిపిస్తుంది.

నా మాట ఒక్కటే: ఏది గొప్ప అన్న వాదన కట్టిపెట్టి రెండూ ఒకే పూట, ఒకే తొట్టిలో వేయండి.

20 కిలోల పొట్టేలు పిల్లకు రోజుకు ఎంత వేయాలి? లెక్క చెప్పండి.

పెరిగే పిల్ల ఒంటి బరువులో 3 నుంచి 4 శాతం పొడి పదార్థం తింటుంది. 20 కిలోల పిల్లకు అది 750 గ్రాముల దగ్గర పడుతుంది. మొక్కజొన్న సైలేజీ 1.2 కిలోలు వేస్తే, 30 శాతం పొడి పదార్థం లెక్కన 360 గ్రాములు, దానిలో మాంసకృత్తులు 29 గ్రాములు. కాస్త వాడబెట్టి చేసిన అలసంద సైలేజీ 600 గ్రాములు వేస్తే 200 గ్రాముల పొడి పదార్థం, 34 గ్రాముల మాంసకృత్తులు. 20 శాతం మాంసకృత్తులున్న దాణా 200 గ్రాములతో 180 గ్రాముల పొడి పదార్థం, 40 గ్రాముల మాంసకృత్తులు. మొత్తం 740 గ్రాముల్లో 103 గ్రాములు, అంటే ఇంచుమించు 14 శాతం.

నెల్లూరు జాతి పిల్లలు మంచి ఆరోగ్యంతో ఉండి ఇలాంటి మేత తింటే రోజుకు 100 నుంచి 150 గ్రాములు పెరగడం మామూలే. రోజుకు 250 గ్రాములు పెరుగుతుందని వీడియోల్లో చెప్పేవాళ్లను తూకం పుస్తకం చూపించమనండి. బన్నూరు జాతి పొట్టిగా, గట్టిగా ఉంటుంది. దాని మాంసానికి పేరుంది కానీ బరువులో నెల్లూరుతో పోటీ పడదు, కాబట్టి రెంటికీ ఒకే లక్ష్యం పెట్టుకోవద్దు.

మొక్కజొన్న, అలసంద విడివిడిగా మాగబెట్టాలా, కలిపా?

చిన్న రైతుకు కలిపి చేయడమే మేలు. పప్పుజాతి మేతను ఒంటరిగా మాగబెట్టడం కష్టం. దానిలో చక్కెరలు తక్కువ, పైగా పులుపును అడ్డుకునే గుణం ఎక్కువ. పీహెచ్ (పులుపు కొలత, అది దిగితే పులుపు పెరిగినట్టు) తొందరగా దిగకపోతే చెడ్డ సూక్ష్మజీవులు చేరి మేతను కుళ్లబెడతాయి. ఒంటరిగా చేయాలంటే కోసిన మేతను కొన్ని గంటలు ఎండలో వాడబెట్టి, పొడి పదార్థం 30 నుంచి 40 శాతానికి తెచ్చి, బెల్లపు మడ్డి 3 నుంచి 5 శాతం కలిపి, గాలి లేకుండా తొక్కించాలి. లాక్టోబాసిల్లస్ కల్చర్ (మేతను పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు) దొరికితే అదీ చల్లొచ్చు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బెంగళూరు చుట్టుపక్కల వాడబెట్టేంత ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మేత నల్లబడిపోతుంది.

అదే మూడు వంతుల మొక్కజొన్నకు ఒక వంతు అలసంద కలిపి ముక్క చేస్తే, మొక్కజొన్న చక్కెరలే అలసందను కూడా మాగబెట్టేస్తాయి. చేలో రెండు వరుసల మొక్కజొన్నకు ఒక వరుస అలసంద వేసి రెండూ ఒకేసారి కోయొచ్చు. అలసంద పూతలో, తొలి కాయలో ఉండగా మొక్కజొన్న గింజ పిండి దశకు వచ్చేలా చూసుకోవాలి. కంకిని అడ్డంగా విరిచి చూస్తే గింజలో పాలగీత (గట్టిపడిన పిండికి, పాలకు మధ్య గీత) సగానికి దిగి ఉండాలి. మన దగ్గర విత్తిన 80 నుంచి 90 రోజుల్లో ఆ దశ వస్తుంది.

ముక్క ఎంత సైజు ఉండాలి?

1 నుంచి 2 సెంటీమీటర్లు. ముక్క పొడుగ్గా ఉంటే గొర్రె ఆకు ఏరుకుని కాడ వదిలేస్తుంది, తినేది తగ్గుతుంది. ఆవులకని చేసిన పొడుగు ముక్కల సైలేజీ కొంటే తొట్టి అడుగున మిగిలేది చూసి మీకే తెలుస్తుంది. సైలేజీలో ఉన్న గింజలను ప్రత్యేకంగా నలిపించాల్సిన పనిలేదు, గొర్రె బాగా నమిలే జీవి.

బస్తా సైలేజీ కొనేటప్పుడు మోసపోకుండా ఏం చూడాలి?

ముందు కంకి ఉందా లేదా చూడండి. స్వీట్‌కార్న్, బేబీకార్న్ కంకులు కోసుకున్నాక మిగిలిన చొప్పతో చేసి మొక్కజొన్న సైలేజీ అని అమ్మేవాళ్లున్నారు. రంగు, వాసన బాగానే ఉంటాయి, పిండే ఉండదు. రెండు దోసిళ్ల సైలేజీని బకెట్ నీళ్లలో వేసి కలపండి. ఆకు, కాడ తేలుతాయి, గింజ మునుగుతుంది. పైది తీసేసి అడుగున చూడండి. పసుపురంగు గింజ ముక్కలు చెయ్యి నిండా రావాలి. నాలుగు పలుకులు దొరికితే మీరు కొంటున్నది చొప్పే.

తర్వాత తేమ. గుప్పెడు సైలేజీని అర నిమిషం గట్టిగా పిండండి. వేళ్ల మధ్య నుంచి రసం కారితే నీళ్లు ఎక్కువ. ముద్ద మెల్లగా విచ్చుకుంటే 30 శాతం పైన పొడి పదార్థం ఉన్నట్టు, అది మంచిదే. వెంటనే పొడిపొడిగా రాలిపోతే మరీ ఎండింది, సరిగ్గా నొక్కుకుని ఉండదు, బూజుకు అవకాశం.

వాసన పులిసిన గంజిలా తేలిగ్గా ఉండాలి. పాడైన నెయ్యి కంపు కొడితే కుళ్లింది. కాలిన బెల్లం, పొగాకు వాసన వస్తే కమ్మగానే ఉంటుంది కానీ అది లోపల వేడెక్కిన మేత, మాంసకృత్తులు మాడి జీర్ణం కాకుండా పోయినట్టు. గొర్రెలు అలాంటిదాన్ని ఇష్టంగా తింటాయి కూడా, అందుకే చాలామంది పోల్చుకోలేరు.

ధర కూడా పొడి పదార్థం మీదే పోల్చాలి. కిలో 7 రూపాయల సైలేజీలో పొడి పదార్థం 30 శాతం ఉంటే పొడి కిలో 23 రూపాయలు. కిలో 6 రూపాయలకు వచ్చేదానిలో 22 శాతమే ఉంటే పొడి కిలో 27 రూపాయలు. చవకని తెచ్చుకున్నదే ఎక్కువ పడింది.

ఇంకొకటి. 2018లో శివమొగ్గలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు ఇప్పుడు ప్రతి మొక్కజొన్న చేనులోనూ ఉంది. దానికి మందు కొట్టి ఎన్నాళ్లకు కోశారో అమ్మేవాణ్ణి అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

సైలేజీ తిన్న పొట్టేలు మాంసం పులుపు వస్తుందని మా మామ అంటాడు. నిజమేనా?

మామగారికి నచ్చజెప్పండి, పులుపు రాదు. సైలేజీలోని ఆమ్లాలు పొట్టలోనే ఖర్చయిపోతాయి, కండలోకి వెళ్లవు. మేత వల్ల రుచి మారదని మాత్రం అనను, మారుతుంది.

పప్పుజాతి మేత మరీ ఎక్కువైతే, ఇందాక చెప్పిన వృథా మాంసకృత్తుల నుంచి పొట్టలో స్కటోల్ అనే పదార్థం తయారై కొవ్వులో చేరుతుంది. మేకలమందలా ఒక ఘాటు వాసన వస్తుందే, దానిలో దీనికీ వాటా ఉంది. మరోవైపు గింజ, దాణా అతిగా మేపితే కొవ్వు మెత్తగా, జిడ్డుగా తయారవుతుంది, కొమ్మలు చీలిన రకం కొవ్వు ఆమ్లాలు పెరిగి ఇంకో రకం వాసన వస్తుంది. రెండూ కలిపిన మేత ఇక్కడ కూడా మధ్యలో నిలబడుతుంది. ఇంత చెప్పినా, హోసకోటలో ఆదివారం తెల్లవారుజామున కట్టెల పొయ్యి మీద దిగే బిర్యానీలో ఈ తేడా ఎవరికీ తెలియదు. ఉప్పు, పసుపు వేసి ఉడికించిన పులుసులో తెలుస్తుంది.

పప్పుజాతి మేత తిన్న మాంసంలో ఒమేగా-3 ఎక్కువట కదా, ఆ పేరుతో అమ్మొచ్చా?

ఆకులో లినోలెనిక్ ఆమ్లం (ఒమేగా-3 రకం) ఎక్కువ, మొక్కజొన్న గింజలో లినోలెయిక్ ఆమ్లం (ఒమేగా-6 రకం) ఎక్కువ. అందుకే ఆకు తిన్న గొర్రె మాంసంలో ఒమేగా-3 కాస్త పెరుగుతుంది, గింజ తిన్నదాంట్లో ఒమేగా-6 పెరుగుతుంది. కానీ పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ మంచి కొవ్వులో ఎక్కువ భాగాన్ని గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. మిగిలేది కొంచెం. దాన్ని చూపించి మటన్‌ను మందులా అమ్మడం నాకు నచ్చదు.

తూకంలో బాగానే వస్తున్నాయి, కోస్తే మాంసం తక్కువ వస్తోందని కొట్టువాడు గొణుగుతున్నాడు. ఎందుకు?

కొట్టువాడు చెప్పేదాంట్లో నిజం ఉండొచ్చు. నెమరువేసే జీవి కడుపులో ఉండే మేత, నీళ్లు ఒంటి బరువులో 10 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. ముతక జొన్న చొప్ప, ముదిరిన సైలేజీ తిన్నది పొట్ట నింపుకుని తూకం ఎక్కుతుంది. పప్పుజాతి ఆకు తిన్నదానికి పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి అదే బరువులో మాంసం ఎక్కువ వస్తుంది.

30 కిలోల పొట్టేలును కోశాక మాంసం 46 శాతం పడితే 13.8 కిలోలు. 50 శాతం పడితే 15 కిలోలు. కిలో 800 రూపాయలనుకున్నా తేడా 960 రూపాయలు, ఒక్క పొట్టేలు మీద. ప్రాణంతో తూచి అమ్మేవాడికి ఈ నష్టం వెంటనే కనిపించదు. కానీ ఒకసారి మీ షెడ్డు పొట్టేలు తేలిపోతుందని మాట పడితే, రెండోసారి బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. అమ్మకానికి ముందు నెల రోజులు ముతక మేత తగ్గించి, మంచి సైలేజీ, దాణా పెంచడం ఇందుకే. బక్రీద్ బేరం వేరు. అక్కడ కొమ్ము, ఎత్తు, నిగారింపు చూస్తారు.

సైలేజీ మొదలుపెట్టాక ఒక పిల్ల గుండ్రంగా తిరుగుతూ పడిపోయింది. ఇదేం రోగం?

వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. ఒకే వైపు తిరగడం, ఒక చెవి వాలిపోవడం, ఒక పక్క నోట్లోంచి చొంగ కారడం ఉంటే లిస్టీరియా అనే బాక్టీరియా వల్ల వచ్చే మెదడు జబ్బు కావొచ్చు. సరిగ్గా మాగక పీహెచ్ 5.5 దాటి ఉన్న సైలేజీలో, మట్టి కలిసినదాంట్లో, చిరుగుపడి గాలి చేరిన బస్తాల్లో ఈ బాక్టీరియా పెరుగుతుంది. మంచి సైలేజీ పీహెచ్ 3.8 నుంచి 4.2 మధ్య ఉంటుంది, అందులో అది పెరగలేదు. ఆవులకంటే గొర్రెలకు ఇది ఎక్కువ ప్రమాదం. తిన్న కొన్ని వారాలకు గానీ లక్షణాలు బయటపడవు, అందుకే ఇవాళ్టి బస్తాను చూసి బాగానే ఉంది కదా అనుకుంటారు. చూడి గొర్రెలు ఈసుకుపోతాయి. మనుషులకూ సోకుతుంది కాబట్టి గర్భిణులు ఈసుకుపోయిన పిల్లను, మావిని ముట్టుకోకూడదు.

బూజు పట్టిన చోటు తీసేసి మిగతాది వేయొచ్చా అని అడుగుతారు. ఆవుకైతే ఆలోచించేవాణ్ణేమో. గొర్రెకు మాత్రం బూజు చుట్టూ జానెడు మేర కూడా వేయొద్దు.

చిటుకు రోగం (ఎంటరోటాక్సీమియా) టీకా తప్పనిసరా?

తప్పనిసరి. బీడు మేత నుంచి గింజ ఉన్న సైలేజీకి, దాణాకు మారినప్పుడే బాగా తినే పిల్లలు రాత్రికి రాత్రి పడిపోతాయి. టీకా మొదటిసారి వేస్తుంటే రెండు, మూడు వారాల తేడాతో రెండు డోసులు వేయించి, ఏలికపాముల మందు తాగించి, ఆ తర్వాతే మేత మార్చండి. మార్పు కూడా 10 నుంచి 14 రోజుల మీద, కొంచెం కొంచెంగా.

ఖనిజ మిశ్రమం ఆవులకు తెచ్చిందే వేయొచ్చా?

వద్దు. దానిలో రాగి గొర్రెకు ఎక్కువవుతుంది, కాలేయంలో పేరుకుని ఒకరోజు ప్రాణం తీస్తుంది. గొర్రెల కోసం చేసిందే కొనండి. మొక్కజొన్న సైలేజీలో కాల్షియం తక్కువ, తవుడులో భాస్వరం ఎక్కువ. ఈ రెండే మేపితే పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు రావచ్చు. అలసంద, లూసర్న్ ఉన్న మేతలో ఆ బెడద తక్కువ.

అనపకాయ (కన్నడలో అవరెకాయి) తొక్కలు వేయొచ్చా? సుబాబుల్?

డిసెంబరు, జనవరిలో బెంగళూరు మార్కెట్ల బయట అనపకాయ తొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అదీ పప్పుజాతి మేతే, గొర్రెలు ఎగబడి తింటాయి. కాకపోతే తడి ఎక్కువ, రెండో రోజుకే వేడెక్కుతుంది. ముక్క చేసిన ఎండు చొప్పతో కలిపి, బెల్లపు మడ్డి చల్లి బస్తాల్లో నొక్కితే నిలవుంటుంది. ప్లాస్టిక్ కవర్లు, పూలదండల దారాలు ఏరడానికి ఒక మనిషిని పెట్టండి.

సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషం ఉంది, అతిగా మేపితే వెంట్రుకలు రాలతాయి. మాగబెడితే అది తగ్గుతుంది. అయినా మొత్తం మేతలో మూడో వంతు దాటించొద్దు.

పది గొర్రెలున్నవాడికి సైలేజీ గిట్టుబాటవుతుందా?

బస్తా సైజు చూసుకోండి. పది పిల్లలు రోజుకు 12 కిలోలు తింటే 50 కిలోల బస్తా నాలుగు రోజులు వస్తుంది. ఎండాకాలంలో తెరిచిన బస్తా మూడో రోజుకే వేడెక్కుతుంది. చిన్న బస్తాలు దొరికితే మేలు, లేదా పక్క షెడ్డువాళ్లతో పంచుకోండి. ఇరవై పిల్లలకు వంద రోజులకు 2.4 టన్నులు కావాలి, తరుగు కలుపుకుని 3 టన్నులు చేసుకోవాలి. ఎకరాకు 16 టన్నుల పచ్చిమేత వచ్చే నీటివసతి ఉంటే 8 గుంటలు చాలు.

రెండు నెలలు దాటని పిల్లలకు వేయొచ్చా?

వాటికి పెద్ద పొట్ట ఇంకా తయారు కాదు. పాలు, పిల్లల దాణా, కాస్త లేత ఎండుమేత ఇవ్వండి.

సైలేజీని పరీక్ష చేయించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఆడుగోడిలో జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఉంది, హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. నమూనాలు తీసుకుంటారో లేదో, రుసుము ఎంతో ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లండి. పొడి పదార్థం, మాంసకృత్తులు, పీహెచ్ మూడూ చేయించండి. ఒకే చోట గుప్పెడు తీయకుండా ఐదారు బస్తాల మధ్యలోంచి తీసి కలిపి, అర కిలో మేర మందపాటి కవర్లో వేసి, గాలి పిండేసి కట్టి, అదే రోజు అందించండి. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఎండలో ఉంచి సాయంత్రం ఇస్తే మీ చేతికి వచ్చేది మీ సైలేజీ రిపోర్టు కాదు.